టెలివిజన్ ధారావాహికలు – ప్రేక్షకుల పాత్రౌచిత్యచర్చ

కావ్యమును చదివినవాడు దానినిగూర్చి మాటాడక మానడు. నాటకము చూచి యిండ్లకు మరలువారు త్రోవపొడుగునను ఆ నాటకమునుగూర్చియే వాదించుకొందురు. ఇది నేడు పుట్టిన అలవాటు కాదు. ఐనను ఆ వాదములలో ఏవి విమర్శ యనిపించుకొనును, ఏవి కేవలము ఇష్టానిష్టప్రకటనములు అను ప్రశ్న మన విశ్వవిద్యాలయములలో లిఖితసాహిత్యమునకు సంబంధించినంతవరకే విచారింపబడినది. టెలివిజన్ ధారావాహికలను చూచువారు వాని రచననుగూర్చియు, పాత్రలనుగూర్చియు చేయు చర్చను మనము కాలక్షేపముక్రింద జమకట్టి విడిచితిమి. మన ఆలంకారికులు శతాబ్దములతరబడి విచారించిన ఔచిత్యప్రశ్నయే ఆ చర్చలో మరల తలయెత్తుచున్నదని చూపుటయు, ఆ చర్చలో గ్రాహ్యమేదియో త్యాజ్యమేదియో తెలిసికొనుటకు ఒక పద్ధతిని సూచించుటయు ఈ వ్యాసముయొక్క ఉద్దేశములు.

మమ్మీ విచారమునకు పురికొల్పినది ఒక చిన్న సంఘటన. 2019లో వేసవి సెలవులు ముగిసి తరగతులు మొదలైన దినములలో మేము క్షేమేంద్రుని ఔచిత్యవిచారచర్చను పాఠము చెప్పుచుంటిమి. స్వభావౌచిత్యమన నేమి యని అడుగగా తరగతిలో ఒక్కరును నోరు మెదపలేదు. గంట మ్రోగినది. వసారాలోనికి పోయిన ఆ విద్యార్థులే, ఒక అమెరికా ధారావాహికలోని రాణి తుదకు నగరమును దహించుట ఆమె స్వభావమునకు తగునా తగదా యని గొంతులెత్తి వాదించుకొనజొచ్చిరి. ‘ఆమె ఆ పని చేయనే చేయదు’ అని ఒకరు, ‘మొదటినుండియు చేయగలదే’ అని మరియొకరు. మేము గదిలో అడిగిన ప్రశ్నకు సమాధానము వసారాలో వినవచ్చినది. దానిని సమాధానముగా గుర్తించుటకు మాకు చాలకాలము పట్టినది.

ఈ వ్యాసమున ఉదాహరణములను ప్రధానముగా అమెరికా ధారావాహికలనుండి గ్రహించితిమి. వానినిగూర్చిన ప్రేక్షకచర్చ ఎక్కువగా లిఖితరూపమున నిలిచియుండుటయు, పండితులు దానిని పరిశీలించియుండుటయు ఇందులకు కారణములు.

ముందుగా ఈ ప్రక్రియయొక్క లక్షణమును గుర్తింపవలెను. కావ్యము సమాప్తమైన పిదపనే పాఠకుని చేతికి వచ్చును. అతడు ఎంత వాదించినను అందలి యొక్క పద్యము మారదు. ధారావాహిక అట్టిది కాదు. అది వారమునకో దినమునకో ఒక భాగముగా వెలువడును. ఒక భాగమునకును మరియొక భాగమునకును నడుమ ఎడమున్నది. ఆ యెడములోనే చర్చ పుట్టుచున్నది. చర్చ జరుగునప్పటికి రచన ఇంకను పూర్తికాలేదు. తరువాతి భాగమును వ్రాయువారు ఆ చర్చను వినుచున్నారు. కావున ఇచ్చటి ప్రేక్షకుడు రచనకు వెలుపల నిలిచిన విమర్శకుడును కాడు, లోపలనున్న రచయితయు కాడు. అతడు గడపమీద నిలుచున్నవాడు.

ఈ స్థితి టెలివిజన్‌తోనే మొదలు కాలేదు. చార్లెస్ డికెన్స్ తన ‘ది ఓల్డ్ క్యూరియాసిటీ షాప్’ నవలను 1840–41లో వారము వారము ప్రకటించుచుండగా, అందలి బాలిక నెల్‌ను చంపవద్దని పాఠకులు ఆయనకు జాబులు వ్రాసిరి. ఆయన చంపకుండ విడువలేదు. 1893లో ఆర్థర్ కానన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్స్‌ను జలపాతమున పడద్రోసి కథ ముగింపగా పాఠకులు ఆగ్రహించిరి. పదేండ్లకు, 1903లో, ఆయన హోమ్స్‌ను బ్రతికించి తెచ్చెను. ఒకరు పాఠకుల మొర వినలేదు, ఒకరు వినిరి. ఇందులో ఎవరు కళకు న్యాయము చేసిరను ప్రశ్నకు ‘పాఠకులు కోరిరి’ అనునది సమాధానము కాజాలదు. ఈ సంగతి ముందు ముందు మనకు ఉపకరించును.

ఇక చర్చించువా రెట్టివారు? నాట్యశాస్త్రముయొక్క ఇరువదియేడవ అధ్యాయమున భరతుడు ప్రయోగసిద్ధిని విచారించుచు ప్రేక్షకునిగూర్చియు చెప్పెను. పాత్రముయొక్క సంతోషమున సంతోషించి, శోకమున శోకించువాడే ప్రేక్షకుడని ఆయన మతము. అంతటితో విడువక, వయస్సును స్వభావమును బట్టి ఒక్కొక్కరు ఒక్కొక్క విషయమున ఆసక్తులగుదురనియు, ప్రేక్షకులందరు ఒక్క తీరున ఉండరనియు గుర్తించెను. ప్రయోగమునగూర్చి వివాదము కలిగినచో నిర్ణయించుటకు ప్రాశ్నికులను ఏర్పరచెను. అనగా ప్రేక్షకులలో భేదముండుట, ఆ భేదము వివాదమగుట మన తొలి నాట్యలాక్షణికునకే తెలిసిన విషయములు.

ఆధునికకాలమున ఈ భేదమును ప్రత్యక్షముగా పరిశీలించిన రెండు గ్రంథములను పరిశోధకులు తప్పక చదువవలెను. రెండును ‘డాలస్’ అను అమెరికా ధారావాహికకు సంబంధించినవి. టెక్సస్ రాష్ట్రమున చమురువ్యాపారముచే ధనవంతులైన యూయింగ్ కుటుంబముయొక్క కలహములు దాని కథ. 1978లో మొదలై 1991వరకు నడచిన ఆ ధారావాహికను అనేక దేశములవారు చూచిరి. ఇయెన్ ఆంగ్ అను విదుషి నెదర్లాండ్స్‌లోని ఒక మహిళాపత్రికలో చిన్న ప్రకటన వేయించి, డాలస్ మీకేల నచ్చినదో, ఏల నచ్చలేదో వ్రాయుడని పాఠకులను కోరెను. 42 జాబులు వచ్చినవి. వానిని ఆధారముగా గొని ఆమె వ్రాసిన గ్రంథము 1982లో డచ్చిభాషలోను, 1985లో ఇంగ్లీషులోను వెలువడినది. ఆ జాబులు వ్రాసినవారిలో ఎవరికిని టెక్సస్ కోటీశ్వరుల జీవితము పరిచితము కాదు. ఐనను పలువురు ఆ కథ ‘నిజము’ అనిరి. బయటి వైభవము అబద్ధమైనను లోపలి ఈర్ష్య, భయము, ఎడబాటు నిజములని వారి భావము. విభావములు అపరిచితములైనను భావములు సాధారణీకృతములగునని మన ఆలంకారికులు చెప్పినదానిని ఆ జాబులు వ్రాసినవారు తమ మాటలలో చెప్పిరి.

రెండవది తమార్ లీబెస్, ఎలీహు కాట్జ్ అనువారు రచించి 1990లో ప్రకటించిన గ్రంథము. వీరు ఇజ్రాయెల్‌లో అరబ్బులను, మొరాకోనుండి వచ్చిన యూదులను, రష్యానుండి క్రొత్తగా వచ్చినవారిని, సామూహికక్షేత్రములలో నివసించువారిని చిన్న చిన్న జట్లుగా కూర్చుండబెట్టి, డాలస్‌లోని ఒక భాగమును చూపి, పిదప వారిచే మాటాడించిరి. లాస్ ఏంజిలిస్‌లోని అమెరికనులతోను అట్లే చేసిరి. అందరు చూచినది ఒక్కటే. చెప్పినది మాత్రము ఒక్కటి కాదు. అరబ్బులును మొరాకోవారును కథను వరుస తప్పక చెప్పిరి. అమెరికనులును సామూహికక్షేత్రవాసులును పాత్రల మనస్తత్వమునుగూర్చి మాటాడిరి. రష్యానుండి వచ్చినవారు కథను ప్రక్కకు నెట్టి, దానిని తయారుచేసినవారు మనకేమి బోధింపదలచిరని శంకించిరి. ప్రేక్షకుడు తెరముందు ఊరక కూర్చుండి మ్రింగువాడు కాడని ఈ రెండు గ్రంథములవలన స్పష్టమగుచున్నది.

కాని ప్రేక్షకుడు ఆలోచించునని ఒప్పుకొన్నంతమాత్రమున అతడన్న ప్రతిమాటయు విమర్శ కాదు. ఇచ్చటనే మనకు ఔచిత్యసిద్ధాంతము అక్కరకు వచ్చును. రసభంగమునకు అనౌచిత్యముకంటె వేరు కారణము లేదని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకముయొక్క తృతీయోద్ద్యోతమున స్థాపించెను. పదునొకండవ శతాబ్దమున క్షేమేంద్రుడు ఆ ఔచిత్యమునకు స్థానములను ఇరువదియేడింటిని లెక్కించి, వానిలో స్వభావమును, అవస్థను కూడ చేర్చెను. పాత్రముయొక్క చేష్ట దాని స్వభావమునకును, అది యున్న అవస్థకును తగియుండవలెను. ఇది యొక కొలత. ‘నాకు నచ్చలేదు’ అనునది కొలత కాదు.

ఈ రెండింటిని వేరుచేయుటకు మేమొక చిన్న పరీక్షను సూచించుచున్నాము. ‘ఆ పాత్ర అట్లు చేయరాదు’ అని వాదించువానిని ఇట్లు ప్రశ్నింపవలెను: ముందు ఏ సన్నివేశమున్నచో నీవీ చేష్టను అంగీకరింతువు? అతడు ‘ఇట్టి సన్నివేశమున్నచో అంగీకరింతును’ అని చెప్పగలిగినయెడల అతని ఆక్షేపణ రచనమీదిది, అది ఔచిత్యచర్చ. ‘ఏ సన్నివేశమున్నను అంగీకరింపను’ అనినచో అతని ఆక్షేపణ ఫలముమీదిది, అది ఇష్టచర్చ. రెండును మనుష్యసహజములే. ఒకదానిని మరియొకటిగా భ్రమించుటయే దోషము. ఈ పరీక్షను నాలుగు ఉదాహరణములకు అన్వయించి చూతము.

మొదటి రెండును ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అను ధారావాహికలోనివి. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలలు దీనికి మూలము. 2011 ఏప్రిల్‌నుండి 2019 మే వరకు ఎనిమిది సీజనులుగా, 73 భాగములలో ఇది హెచ్. బి. ఓ. సంస్థచే ప్రసారితమైనది. మొదటి సీజనున కథానాయకుడని అందరు తలచిన నెడ్ స్టార్క్, 2011 జూన్‌లో వచ్చిన తొమ్మిదవ భాగమున శిరశ్ఛేదమునకు గురియైనాడు. నవలలు చదువనివారికి అది పిడుగుపాటు. దుఃఖించినవారు, అలిగినవారు ఎందరో. ఐనను ఆ చావు అనుచితమను వాదము నిలువలేదు. ఏలయన, రాణి రహస్యమును కనిపెట్టిన నెడ్, ఆమె పిల్లలపై జాలిచే ముందుగా ఆమెకే హెచ్చరిక చేసెను. శత్రువులు తనవలెనే ధర్మమును పాటింతురని నమ్మెను. అతని చావు అతని సుగుణమునుండియే పుట్టినది. ప్రేక్షకులకు ఇష్టము కాకున్నను ఉచితమైనది. అనిష్టమును ప్రేక్షకులు సహింపరను మాట సత్యము కాదనుటకు ఇది నిదర్శనము.

రెండవది మా వసారాలో వినవచ్చిన వివాదమే. 2019 మే 12న ప్రసారమైన భాగమున, బానిసలను విముక్తులను గావించిన రాణిగా పేరుపొందిన డెనేరిస్, శత్రునగరము లొంగిపోయితిమని గంటలు మ్రోగించిన పిదప కూడ, తన డ్రాగన్‌పై నెక్కి ఆ నగరమును పౌరులతోసహా దహించెను. ఈ భాగమును వ్రాసినవారు డేవిడ్ బెనియాఫ్, డి. బి. వైస్ అనువారు. మూలమైన నవలలలో అయిదవ సంపుటము 2011లోనే వెలువడినను ఆరవది 2019నాటికి వెలువడలేదు. కావున ఈ ఘట్టమునకు ముద్రితమైన ఆధారము లేదు. చివరి సీజనును మరల నిర్మింపవలెనని కోరిన విజ్ఞప్తికి పదునైదు లక్షలకు మించిన సంతకములు చేరినవి. సంతకముల సంఖ్య వాదము కాదు కనుక దానిని ప్రక్కనుంచి ఉభయపక్షముల యుక్తులను పరిశీలింతము.

ఉచితమనువారి వాదమిది. మొదటి సీజనులోనే ఆమె తన అన్న తలపై కరిగిన బంగారము పోయబడుచుండగా చలింపక చూచెను. నాలుగవ సీజనున, బాలురను శిలువ వేసినందులకు ప్రతిగా 163 మంది ప్రభువులను శిలువ వేయించెను. ఏడవ సీజనున తనకు మోకరిల్లని తండ్రికొడుకులను కాల్పించెను. అగ్నితో శిక్షించుట ఆమెకు క్రొత్త కాదు. చివరి సీజనున ఆప్తులను, ఒక డ్రాగన్‌ను కోల్పోయెను. ఆమెకు సన్నిహితురాలైన మిస్సాందేయి ఆమె కన్నులయెదుటనే చంపబడెను. సింహాసనముపై తనకంటె హక్కుగలవాడు మరియొకడున్నాడని తెలియవచ్చెను. ఇంత జరిగిన పిదప ఆమె చేసినది ఆశ్చర్యమెట్లగును?

కాదనువారి వాదమిది. ఆమె కాల్చినవారందరు, ఆమె దృష్టిలోనైనను, అపరాధులో, ఎదిరించినవారో. నిరపరాధులపట్ల ఆమె నడత వేరు. తన డ్రాగన్ ఒక చిన్న బిడ్డను కాల్చి చంపినదని తెలియగానే ఏడ్చుచు తక్కిన రెండింటిని గొలుసులతో బంధించినది ఆమెయే. అట్టి యామె లొంగిన నగరమున శిశువులపై నిప్పు కురియుటకు నడుమ మనస్సున జరుగవలసిన మార్పు చూపబడలేదు. బీజమున్నది, మ్రానునున్నది, నడుమ మొలకయు మొక్కయు లేవు.

ఈ రెండవ పక్షమువారిలో పలువురు మా పరీక్షకు నిలుచుచున్నారు. ‘ఆమె క్రూరురాలు కారాదు’ అని వారనుట లేదు. ‘అగుటను మాకు చూపలేదు’ అనుచున్నారు. రూపకనిర్మాణమున అయిదు సంధులను చెప్పిన మన శాస్త్రదృష్టితో చూచినచో వారి ఆక్షేపణ తేటపడును. ముఖసంధియందు నాటిన బీజము ప్రతిముఖగర్భములందు పెరిగి, విమర్శసంధియందు సందేహమునకు లోనై, పిదప నిర్వహణమునకు రావలెను. ఈ ధారావాహికలో మొదటి ఆరు సీజనులు పదేసి భాగములు గలవి; ఏడవది 7, ఎనిమిదవది 6 భాగములే. నడకకు చోటు తగ్గినది ఎచ్చట? సరిగా విమర్శసంధి జరుగవలసిన చోట. కావున పాత్రకల్పన దోషరహితమైనను సంధినిర్వహణ లోపించినదని మా నిర్ణయము. ఉచితమనువారు బీజమును చూపి గెలువజూచిరి. కాదనువారు నడకను అడిగిరి. బీజముండుటయే చాలునన్నచో విత్తునకును పంటకును భేదముండదు.

ఇచ్చట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. విజ్ఞప్తిపై సంతకము చేసిన లక్షలమందిలో ఎందరు ఈ యుక్తిచే చేసిరి? తమకు ప్రియమైన రాణి చెడ్డది కావుటను ఓర్వలేక చేసినవారును ఉండవచ్చును. నిజమే. వారిది ఇష్టచర్చ. కాని కొందరి ఆక్షేపణ ఇష్టమూలమైనంతమాత్రమున తక్కినవారి యుక్తి వీగిపోదు. యుక్తిని యుక్తిగానే తూచవలెను.

మూడవ ఉదాహరణము డాలస్‌లోనిది. 1985 మే మాసమున బాబీ యూయింగ్ అను పాత్ర మరణించినట్లు చూపిరి. ఆ నటుడు ధారావాహికను విడువగోరుటయే కారణము. అతడు లేక ఒక సీజను నడచినది. 1986 మేలో ఆ సీజను చివరిభాగము ముగియుచుండగా బాబీ మాజీభార్య స్నానపుగది తలుపు తీయును. లోపల బాబీ సజీవుడై యుండును. సెప్టెంబరున వివరణ లభించినది: అతని మరణముతోసహా ఆ సీజనంతయు అతని మాజీభార్య పామ్ కన్న కల. బాబీ మరలి రావలెనని కోరినవా రెందరో. వారి యిష్టము నెరవేరినది. కాని 31 భాగములలో జరిగిన వివాహములు, కలహములు, మరణములు ఒక్క మాటతో లేనివైనవి. ఆ పాత్రలతో నవ్వి ఏడ్చిన ప్రేక్షకుని భావములకు విలువ లేకపోయినది. నేటికిని ధారావాహికారచనలోని మోసమునకు దీనిని ఉదాహరింతురు. నెడ్ స్టార్క్ మరణము అనిష్టమైనను ఉచితము. బాబీ పునరాగమనము ఇష్టమైనను అనుచితము. ఇష్టమును ఔచిత్యమును వేర్వేరని తెలియుటకు ఈ జంట చాలును.

నాలుగవ ఉదాహరణము మాకు మిక్కిలి ముఖ్యమైనది. 2008–2013 నడుమ 62 భాగములుగా వచ్చిన ‘బ్రేకింగ్ బాడ్’ అను ధారావాహికలో రసాయనశాస్త్రోపాధ్యాయుడైన వాల్టర్ వైట్, తనకు క్యాన్సర్ వచ్చినదని తెలిసి, కుటుంబమునకు ధనము కూర్చుటకై మాదకద్రవ్యమును తయారుచేయ నారంభించి, క్రమముగా హంతకుడగును. అతని భార్య స్కైలర్. భర్త దాచుచున్నదేమో తెలిసికొనగోరుట, తెలిసిన పిదప పిల్లల క్షేమమునకై అతనిని దూరముంచజూచుట ఆమె చేసిన పనులు. ఆమెయు నిర్దోషి కాదు. తాను పనిచేయుచోటి యజమానితో సంబంధము పెట్టుకొనెను, పిదప భర్త ధనమును దాచుటకు తోడ్పడెను. ఐనను హత్యలు చేసిన భర్తను మెచ్చుకొనిన ప్రేక్షకులే ఆమెను అసహ్యించుకొనిరి. ఆమె ‘అడ్డు వచ్చును’, ‘సాధించును’ అని వారి ఆక్షేపణ.

మా పరీక్షను ప్రయోగింతము. ముందు ఏ సన్నివేశమున్నచో ఆమె చేష్టలను అంగీకరింతురు? దీనికి వారివద్ద సమాధానము లేదు. ఏలయన కావలసిన సన్నివేశములన్నియు ఉండనే ఉన్నవి. ఆమె చేష్టలకు కారణములు ప్రతిభాగమునను కనబడుచున్నవి. వారు రచనను ఆక్షేపించుట లేదు. కథ వాల్టర్ కంటితో చూపబడుటచే అతని కోరికను తమ కోరికగా చేసికొని, దానికి అడ్డువచ్చినవారిని ద్వేషించుచున్నారు. ఇది ఔచిత్యచర్చ వేషమున వచ్చిన ఇష్టచర్చ.

ఇది యింతటితో ఆగలేదు. ద్వేషము పాత్రను దాటి ఆ పాత్రను ధరించిన నటి అన్నా గన్‌పైకి పోయినది. 2013 ఆగష్టున ఆమె న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఒక వ్యాసము వ్రాసి, తన్ను చంపుటకు తానెచ్చట దొరకునని అడిగిన మాటకూడ తన కంటబడినదని తెలిపెను. ఒక కల్పితస్త్రీపై వెళ్లగ్రక్కిన ఆ కోపము, ఎదురు చెప్పు భార్యనుగూర్చి సమాజమున గల భావమునకు కొలబద్ద యైనదని ఆమె అభిప్రాయము. అదే పాత్రకు ఆమె 2013లోను, 2014లోను ఎమ్మీ పురస్కారములను పొందెను. ఎంత చక్కగా నటించెనో అంతగా ద్వేషింపబడెను.

అభినవగుప్తుడు నటునికి ‘పాత్రము’ అను పేరు ఏల వచ్చెనో వివరించుచు, మద్యముయొక్క రుచి గిన్నెకు తెలియనట్లే రసాస్వాదము నటునియందు లేదనియు, అతడు ఆస్వాదమునకు సాధనమాత్రుడనియు చెప్పెను. తెలుగులో మనము గిన్నెను, కథలోని వ్యక్తిని ఒక్క మాటతోనే పాత్ర యందుము. పానీయము చేదుగానున్నదని గిన్నెను పగులగొట్టువానిని రసికుడని ఎవరు నందురు? ప్రేక్షకచర్చను విమర్శగా గౌరవింపవలెనని వాదించుచున్న మేమే ఈ హద్దును కూడ చెప్పవలసియున్నది. నటిపైకి ఎత్తిన చేయి ఏ శాస్త్రముచేతను విమర్శ కాదు.

అట్లని ఇష్టచర్చను పారవేయుమని మా భావము కాదు. అది రచననుగూర్చి మన కేమియు చెప్పకపోవచ్చును. చర్చించువారినిగూర్చి మిక్కిలి చెప్పును. స్కైలర్‌పై వచ్చిన ఆక్షేపణలు ఆ ధారావాహిక గుణదోషములను తెలుపవు. భార్య యెట్లుండవలెనని ఆ ప్రేక్షకులు తలచుచుండిరో తెలుపును. ఆంగ్ చదివిన 42 జాబులకు విలువ వచ్చినదియు ఇందుచేతనే. ఔచిత్యచర్చ సాహిత్యవిమర్శకు చేరును. ఇష్టచర్చ సమాజపరిశీలనమునకు చేరును. దేని గంప దానికి వేరుగానుంచవలెను.

ఇక ఈ చర్చలు రచనను మార్చుటనుగూర్చి ఒకటి రెండు మాటలు. 1968లో ‘స్టార్ ట్రెక్’ అను ధారావాహికను ఆపివేయుదురను భయముతో ప్రేక్షకులు ఎన్. బి. సి. సంస్థకు జాబులు కుప్పలుగా వ్రాసిరి. ధారావాహిక కొనసాగునని ఆ యేడు మార్చి 1న సంస్థ టెలివిజన్‌లోనే ప్రకటించెను. అది మరియొక సీజను నడచి 1969లో ఆగినది. అచ్చట ప్రేక్షకులు కోరినది కథ నిలుచుటనే కాని కథ తమ ఇష్టానుసారము నడచుటను కాదు. డాలస్‌లో జరిగినది ఇందులకు భిన్నము. మూలకథలో రసవిరుద్ధమైనది ఉన్నచో దానిని త్యజించి కవి వేరుగా కల్పించుకొనవచ్చునని ఆనందవర్ధనుడు స్వేచ్ఛనిచ్చెను. కాని ఆ స్వేచ్ఛ రసముకొరకు. ప్రేక్షకుల సంఖ్యకొరకు కథను త్రిప్పుటకు ఆ వాక్యమును ఆధారము చేసికొనరాదు.

ఈ ప్రశ్న మనకును దూరమైనది కాదు. 2017లో స్టార్ మాలో మొదలై 2023 జనవరిలో ముగిసిన ‘కార్తీకదీపము’ పదునైదువందల భాగములకు మించి నడచినది. 2022లో అందలి ప్రధానపాత్రలైన దీపను, కార్తీక్‌ను కథనుండి తొలగించి, పెరిగి పెద్దవారైన వారి కుమార్తెల కథగా నడపిరి. పిదప ఆ యేడే వారిని మరల ప్రవేశపెట్టిరి. ఈ తొలగింపు ఉచితమా, పునఃప్రవేశము ఉచితమా, లేక రెండును అనుచితములా? తెలుగు ఇండ్లలో వంటయింటినుండి వసారావరకు జరిగిన ఆ చర్చ యేమైనది? దానిని ఎవరు సేకరించిరి? 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘కవిత్వతత్త్వవిచారము’ వెలువడి, కళాపూర్ణోదయపాత్రలను స్వభావదృష్టితో పరిశీలించినప్పుడు మన పండితలోకమున కలకలము బయలుదేరినది. నేడు ఆ గ్రంథము మనకు పాఠ్యము. ఆ దృష్టినే ఈ క్రొత్త రూపకములపై ప్రసరింపజేయుటకు సంకోచ మెందులకు?

పరిశోధక విద్యార్థులకు కొన్ని సూచనలు చేసి విరమింతుము. ఒక ధారావాహికను గ్రహించి, ఏ భాగము ప్రసారమైన పిదప ఏ వాదము పుట్టెనో తేదీలతో వ్రాసికొనవలెను. తుది తెలిసినవాడు పలుకు మాటయు, తెలియనివాడు పలుకు మాటయు ఒక్కటి కావు. గట్టిగా పలికినవారిని ఎక్కువమందిగా లెక్కింపరాదు. ప్రతివాదమును పైన చెప్పిన ప్రశ్నతో పరీక్షించి, ఔచిత్యచర్చను ఇష్టచర్చను వేరుచేయవలెను. వాదించినవారి పేరులను బయటపెట్టరాదు. అన్నిటికంటె ముందు, ఆ ధారావాహికను తాము పూర్తిగా చూడవలెను. చూడని గ్రంథముపై తీర్పు చెప్పుట ఏ యుగమునను విమర్శ కాలేదు.

ఆనాటి తరగతికి మరునాడు మేము పాఠమును ఆ వసారా వాదముతోనే మొదలుపెట్టితిమి. ‘నిన్న ఆ రాణి అట్లు చేయదంటిరి కదా, ఏల?’ అని అడిగితిమి. విద్యార్థులు ముందు సిగ్గుపడిరి, పిదప వాదించిరి. గంట మ్రోగునప్పటికి వారిలో ఒకరు ‘ఆమె స్వభావమున్నదండీ, అవస్థ చాలలేదు’ అనిరి. క్షేమేంద్రుడు వేర్వేరుగా లెక్కించిన రెండు ఔచిత్యస్థానముల భేదమును ఆ విద్యార్థి తనంతట తాను కనుగొనెను. ఆ భేదమును మేము గ్రంథము తెరచి చూపవలసిన పని మాత్రమే మిగిలినది.